టార్విల్, డీన్‌ల గొప్పతనం పతకాల లెక్కలో దొరకదు

మీరు అడిగింది ఇదీ: యూట్యూబ్‌లో బ్రిటన్ ఐస్ డాన్స్ జంట టార్విల్, డీన్‌ల 1984 నాటి ‘బొలేరో’ నృత్యం చూశారు. ఎగిరి గాల్లో తిరగడాలు లేవు, తల మీదికి ఎత్తడాలు లేవు, ఇప్పటి జంటల వేగమూ కనిపించలేదు. కెనడా జంట టెస్సా వర్చ్యూ, స్కాట్ మోయిర్‌లకు ఒలింపిక్ పతకాలు ఐదు ఉంటే, జేన్ టార్విల్, క్రిస్టఫర్ డీన్‌లకు ఉన్నవి రెండే. అయినా ఐస్ డాన్స్ అనగానే వీళ్ల పేరే ఎందుకు ముందు చెబుతారు అని.

మీరు చూసినదాంట్లో తప్పేమీ లేదు. ఎగరడాలు నిజంగానే లేవు. కానీ ఈ జంట చేసిన పని పతకాల పట్టికలో కనిపించేది కాదు. వాళ్లకు ముందు ఫ్రీ డాన్స్ (పోటీలో జంట సొంతంగా కల్పించుకునే చివరి నృత్యం) అంటే మూడు నాలుగు పాటల ముక్కలు అతికించి, ఒక్కో ముక్కలో ఒక్కో విద్య చూపించే ప్రదర్శన. వాళ్ల తర్వాత అది మొదలూ తుదీ ఉన్న ఒక కథ అయింది. ఇవాళ మీరు ఏ జంటను చూసినా, ఆ నాలుగు నిమిషాలకు ఒక భావం ఉండాలని మీరే ఆశిస్తారు. ఆ ఆశను మనకు అలవాటు చేసింది ప్రధానంగా వీళ్లిద్దరే. నేను ఇంగ్లండ్‌లో చాలా ఏళ్లుగా ఉంటున్నాను, పెద్దయ్యాక ఐస్ డాన్స్ నేర్చుకున్నాను, ఇప్పుడు కొత్తవాళ్లకు మొదటి అడుగులు నేర్పడంలో క్లబ్బులో సాయం చేస్తుంటాను. కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. ఐస్ డాన్స్, పెయిర్ స్కేటింగ్ వేర్వేరు పోటీలు. అమ్మాయిని గాల్లోకి విసిరి పట్టుకోవడం, ఇద్దరూ పక్కపక్కనే ఎగిరి మూడు చుట్లు తిరగడం, ఇవన్నీ పెయిర్స్‌లో. ఐస్ డాన్స్‌లో అవి నిషేధం. విడివిడిగా ఉండే సమయానికి కూడా ఆ రోజుల్లో కొన్ని సెకన్ల పరిమితే ఉండేది. మిగిలేది పాదం పని, ఇద్దరి మధ్య ఉండే దూరం, తాళం. బ్లేడుకు రెండు అంచులు ఉంటాయి, లోపలిదీ బయటిదీ. ఏ అంచు మీద ఎంత ఒరిగి ఎంతసేపు నిలబడగలరు, ఒక అంచు నుంచి మరో అంచుకు కుదుపు లేకుండా ఎలా మారతారు, ఇదీ అసలు పరీక్ష. డాన్సర్ల బ్లేడు వెనక భాగం మిగతావాళ్ల దాని కంటే పొట్టిగా ఉంటుంది, ఎందుకంటే ఒకరి పాదం ఇంకొకరి పాదానికి అంత దగ్గరగా వెళ్తుంది. మడమ వైపు అర అంగుళం ఎక్కువున్నా చిక్కుకుని ఇద్దరూ పడతారు.

ఇంకో చిక్కు ఏమిటంటే, జేన్ టార్విల్ పొట్టి మనిషి, డీన్ ఆమె కంటే బాగా పొడవు. పొడవాటి కాలు ఒక్క తోపుకు వెళ్లే దూరం పొట్టి కాలు వెళ్లాలంటే మోకాలు ఇంకా లోతుగా వంచాలి, ఒరుగు ఇంకా ఎక్కువుండాలి. ఆమె ఆ పనిని ఎప్పుడూ కష్టంగా కనిపించనివ్వలేదు. డీన్ గురించి రాసేవాళ్లు ఎక్కువ, ఎందుకంటే నృత్య కల్పన అతనిది. కానీ నా దృష్టిలో ఆ జంటకు వెన్నెముక జేన్.

ఇద్దరిదీ నాటింగ్‌హామ్. జేన్ 1957లో, క్రిస్టఫర్ 1958లో పుట్టారు. ఆమె మొదట పెయిర్ స్కేటర్, వేరే భాగస్వామితో పిన్న వయసులోనే బ్రిటిష్ చాంపియన్ అయింది. అతను పదేళ్ల వయసులో క్రిస్మస్‌కు స్కేట్లు బహుమతిగా వస్తే మొదలుపెట్టాడు. 1975లో జానెట్ సాబ్రిడ్జ్ అనే కోచ్ ఇద్దరినీ ఒక జంటగా కలిపింది. అప్పటికి ఆమె ఇన్సూరెన్స్ కంపెనీలో గుమస్తా, అతను పోలీసు శాఖలో. పగలు రింక్ (స్కేటింగ్ చేసే ఐస్ మైదానం) అంతా టికెట్ కొనుక్కుని వచ్చిన జనంతో నిండిపోతుంది. అందుకే సాధనకు దొరికేది అర్ధరాత్రి దాటాకో, తెల్లవారుజామునో. డీన్ పోలీసు షిఫ్టులు మారితే సాధన వేళలూ మారేవి.

1978లో బెట్టీ కాలవే వాళ్లకు కోచ్‌గా వచ్చింది. 1980లో ప్రపంచ చాంపియన్లయిన హంగరీ జంట రెగోట్సీ, షలాయ్‌లకూ ఆవిడే కోచ్. ఇక వాళ్ల మెట్లు చూడండి. ప్రపంచ పోటీల్లో 1978లో 11వ స్థానం, 1979లో 8, 1980లో 4. ఆ ఏడే లేక్ ప్లాసిడ్ ఒలింపిక్స్‌లో 5. అంటే వీళ్లు ఉన్నట్టుండి ఊడిపడ్డ మేధావులు కాదు. ఆ 1980లోనే నాటింగ్‌హామ్ నగర కౌన్సిల్ 1984 వరకు సాధన కోసం 42,000 పౌండ్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. మన పన్నుల డబ్బుతో స్కేటింగ్ ఏమిటని గొణిగినవాళ్లూ లేకపోలేదు. ఆ డబ్బుతోనే ఇద్దరూ ఉద్యోగాలు వదిలేశారు, జర్మనీలోని ఒబెర్స్‌డార్ఫ్‌లో రోజుకు గంటల తరబడి ఐస్ దొరికింది. ఆ తర్వాతి ఏడాదే, 1981లో, యూరప్ చాంపియన్లు, ప్రపంచ చాంపియన్లు. ప్రతిభ ఎక్కడి నుంచి వచ్చిందో నాకు చెప్పడం రాదు, కానీ ఖాళీ ఐస్ ఎక్కడి నుంచి వచ్చిందో లెక్కల్లో ఉంది. ఈ సంగతి పిల్లల ఆటల గురించి ఆలోచించే ప్రతి ఊరి పాలకులకూ తెలియాలని నాకు గట్టిగా ఉంటుంది.

ఒక విషయం మరవకూడదు. ఐస్ డాన్స్ ఒలింపిక్స్‌లోకి వచ్చిందే 1976లో. 1976లోనూ 1980లోనూ స్వర్ణం సోవియట్ జంటలదే. బ్రిటన్‌కు 1950లు, 60లలో ఈ విద్యలో ప్రపంచ చాంపియన్లు వరసగా ఉండేవాళ్లు, తర్వాత ఆ దారి మూసుకుపోయింది. సోవియట్ జంటలు బాలే, జానపద నృత్యం పునాదిగా పెద్ద పెద్ద కదలికలతో వస్తుంటే, బ్రిటిష్ పద్ధతి బాల్‌రూమ్ (హాలులో జంటగా ఆడే పాశ్చాత్య నృత్యం) మర్యాద దగ్గరే ఆగింది. టార్విల్, డీన్‌లు ఈ రెంటిలో ఏదీ ఎంచుకోలేదు. పాదాల్లో బ్రిటిష్ శుభ్రత ఉంచుకుని, పై శరీరానికి నాటకం నేర్పారు.

1982లో ఆ మార్పు మొదటిసారి పూర్తిగా కనబడింది. ‘మ్యాక్ అండ్ మేబెల్’ అనే సంగీత నాటకంలోని ఆరంభ సంగీతాన్ని ముక్కలు చేయకుండా తీసుకుని, మూకీ సినిమాల కాలపు దర్శకుడూ నటీ కథగా ఫ్రీ డాన్స్ చేశారు. 1983లో సర్కస్ యజమాని బార్నమ్ మీద వచ్చిన సంగీత నాటకం ‘బార్నమ్’ ఆధారంగా చేశారు. లండన్ రంగస్థలం మీద ఆ పాత్ర వేస్తున్న నటుడు మైకెల్ క్రాఫర్డ్ దగ్గరికి వెళ్లి అభినయం నేర్చుకున్నారు. తాడు మీద నడవడం, గారడీ బంతులు, బాకా ఊదడం, ఇవన్నీ చేతిలో ఏ వస్తువూ లేకుండానే కనిపిస్తాయి. ఆ ఏడాది జేన్ భుజానికి దెబ్బ తగిలి యూరప్ పోటీలకు వెళ్లలేకపోయారు, అయినా హెల్సింకీలో ప్రపంచ టైటిల్ నిలుపుకున్నారు.

ఇక 1984. అందరూ బొలేరో దగ్గరికి పరుగెత్తుతారు గానీ, ఆ సరయేవో ఒలింపిక్స్‌లోనే దానికి ముందు చేసిన పాసో డోబ్లేను నేను అంతకంటే తక్కువగా చూడను. అప్పట్లో పోటీ మూడు భాగాలు. అందరూ ఒకే అడుగులు వేసే నిర్ణీత నృత్యాలు మొదటివి. ఇచ్చిన తాళానికి సొంతంగా కల్పించుకుని, ఒకే వరసను రింక్ చుట్టూ పలుమార్లు తిప్పి చేసేది రెండోది. మూడోది ఫ్రీ డాన్స్. ఆ ఏడాది రెండో భాగానికి పాసో డోబ్లే ఇచ్చారు. అది ఎద్దుల పోరు నృత్యం. మగవాడు మెటడోర్, అంటే ఎద్దుతో పోరాడేవాడు. డీన్ అక్కడితో ఆగలేదు. జేన్‌ను మెటడోర్ చేతిలోని దుప్పటిగా మార్చాడు. రష్యా స్వరకర్త రిమ్‌స్కీ-కోర్సకోవ్ సంగీతానికి ఆమె అతని చేతి నుంచి ఊగుతుంది, వెనక్కి మడుచుకుంటుంది, నేల మీద ఈడ్చుకుపోతుంది, చివర్లో అతను విసిరేస్తే ఐస్ మీద పడి ఉంటుంది. ఆమె ముఖంలో భావమే ఉండదు, గుడ్డకు ముఖం ఉండదు కదా. అదే వరస మళ్లీ మళ్లీ వచ్చినా, ప్రతిసారీ అదే చోట అదే కోణంలో ఆమె తల వాలుతుంది. నేను కొత్తవాళ్లకు చూపించేది ముందు ఇదే.

బొలేరో విషయానికొస్తే, ఫ్రాన్స్ స్వరకర్త రావెల్ 1928లో రాసిన ఆ కృతి పూర్తిగా వాయిస్తే పావుగంట పైనే పడుతుంది. దాన్ని కుదించినా 4 నిమిషాల 28 సెకన్ల కంటే తగ్గితే సంగీతం దెబ్బతింటుందని తేలింది. నిబంధన చూస్తే 4 నిమిషాలు, పది సెకన్లు అటూ ఇటూ. అంటే 18 సెకన్లు ఎక్కువ. డీన్ నిబంధనల పుస్తకం తీసి చదివాడు. బ్లేడు ఐస్‌ను తాకి స్కేటింగ్ మొదలైనప్పటి నుంచే గడియారం నడుస్తుందని అందులో ఉంది. అందుకే మొదటి 18 సెకన్లు ఇద్దరూ మోకాళ్ల మీద ఉంటారు. మీరు వీడియోలో చూసిన ఆ ఆరంభం, ఎదురెదురుగా మోకరిల్లి చేతులు, మెడ, నడుము మాత్రమే ఊగడం, కవిత్వం కోసం పుట్టింది కాదు, గడియారం కోసం పుట్టింది. కానీ అక్కడే వాళ్ల తెలివి. అవసరానికి వచ్చినదాన్ని ఆ కథకే ప్రాణంగా మలిచారు. పెళ్లి చేసుకోలేని ఇద్దరు ప్రేమికులు అగ్నిపర్వతం ఎక్కి అందులో దూకుతారన్నది వాళ్లు మనసులో పెట్టుకున్న కథ. ఆ మోకరింపు లేకపోతే ఆ కథకు తొలి అడుగు లేదు.

సంగీతం వైపు నుంచి చూస్తే ఇది ఇంకా సాహసం. అప్పటి ఫ్రీ డాన్సుల్లో వేగం మారడమే వైవిధ్యం. ఒక హుషారు పాట, ఒక నెమ్మది పాట, మళ్లీ హుషారు. బొలేరోలో తాళం మొదటి నుంచి చివరిదాకా ఒక్కటే. డప్పు మీద ఒకే దరువు పడుతూ వాయించేవాడి చెయ్యి మాత్రం బరువెక్కుతూ పోయినట్టు ఉంటుంది. వేగం మార్చకుండా తీవ్రత పెంచాలంటే అడుగులు పెరగకూడదు, కదలిక పెద్దదవ్వాలి. మొదటి నిమిషంలో మోచేయి దాకా ఉన్న కదలిక, రెండో నిమిషానికి భుజానికి, చివరికి మొత్తం శరీరానికి పాకుతుంది. ఆఖరి దెబ్బకు ఇద్దరూ నిలువునా ఐస్ మీద కూలిపోతారు. ఈసారి శబ్దం తీసేసి చూడండి, పెరగడం అప్పుడు కూడా తెలుస్తుంది. కోర్ట్నీ జోన్స్ రూపొందించిన ఆ ఊదారంగు పల్చటి బట్టలు కూడా ఆ ఊగుడుకు తగ్గట్టే కదులుతాయి.

1984 ఫిబ్రవరి 14న, సరయేవోలోని జెట్రా స్టేడియంలో, తొమ్మిది మంది న్యాయనిర్ణేతలూ కళాత్మకతకు 6.0 ఇచ్చారు. సాంకేతిక మార్కుల్లో మూడు 6.0లు, ఆరు 5.9లు. మొత్తం పద్దెనిమిది మార్కుల్లో పన్నెండు పూర్తి మార్కులు. బ్రిటన్‌లో సుమారు 2.4 కోట్ల మంది టీవీలో చూశారు. వెండి బెస్టెమియానొవా, బూకిన్‌లకు, కంచు క్లిమొవా, పొనొమరెంకోలకు. ఒలింపిక్ ఐస్ డాన్స్ స్వర్ణం గెలిచిన మొదటి సోవియట్‌యేతర జంట వీళ్లు. ఆ మరుసటి నెలలో ఒట్టావాలో నాలుగో ప్రపంచ టైటిల్‌తో అమెచ్యూర్ పోటీలు ముగించారు.

ఆ ఆరులను ఎక్కువ నమ్ముకోకండని మాత్రం చెప్తాను. పాత పద్ధతిలో మార్కు అనేది కొలత కాదు, ఒకరిని మరొకరి కంటే ముందు పెట్టే గుర్తు. 2002 సాల్ట్ లేక్ ఒలింపిక్స్ పెయిర్స్ పోటీలో న్యాయనిర్ణేతల మార్కుల మీద వచ్చిన గొడవ తర్వాత ఆ పద్ధతే తీసేశారు. ఇప్పుడు ప్రతి అంశానికీ విడి విలువ, విడి నాణ్యత మార్కు. కాబట్టి ఒలింపిక్స్‌లోని ఆ పన్నెండు ఆరుల లెక్కను ఇక ఎవరూ దాటలేరు, అంత మాత్రాన అది అందరి కంటే గొప్ప అని రుజువూ కాదు.

తర్వాత వాళ్లు ప్రొఫెషనల్ అయ్యి ప్రపంచమంతా ప్రదర్శనలు ఇచ్చారు. చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది, ఇక్కడే చెప్పేస్తాను: వాళ్లిద్దరూ దంపతులు కారు. ఎవరి పెళ్లి వాళ్లది, ఎవరి కుటుంబం వాళ్లది. బొలేరో చూసిన తర్వాత ఇది నమ్మడానికి చాలామందికి కష్టం.

వాళ్ల ప్రభావాన్ని నిజంగా చూడాలంటే డీన్ వేరేవాళ్లకు చేసి ఇచ్చిన నృత్యాలు చూడాలి. ఫ్రాన్స్ తరఫున పోటీపడిన అన్నాచెల్లెళ్లు పాల్, ఇజబెల్ డ్యుషెనేలకు 1988 కాల్గరీ ఒలింపిక్స్‌కు ఆదిమ తెగల ఇతివృత్తంతో చేసినది న్యాయనిర్ణేతలను రెండుగా చీల్చింది. 1991లో ఆ జంట ప్రపంచ చాంపియన్ అయింది. ఈ నాటకీయత ఎంత దూరం పోయిందంటే, 1992 ఒలింపిక్స్ తర్వాత అంతర్జాతీయ సమాఖ్య నిబంధనలు బిగించి ఫ్రీ డాన్స్‌ను మళ్లీ బాల్‌రూమ్ వైపు లాగింది.

ఆ బిగింపే 1994లో వాళ్లకూ అడ్డుపడింది. ప్రొఫెషనల్స్ తిరిగి పోటీ చేయొచ్చని సమాఖ్య ఒప్పుకుంటే, ముప్పై ఐదు, ముప్పై ఆరేళ్ల వయసుల్లో వెనక్కొచ్చారు. కోపెన్‌హాగెన్‌లో యూరప్ టైటిల్ గెలిచారు గానీ, ఫ్రీ డాన్స్‌లో వాళ్లు మొదటివాళ్లు కారు, స్థానాల లెక్క కలిసొచ్చింది. ఆ తర్వాత ఉన్న కొద్ది వారాల్లో ఆ నృత్యంలో చాలా భాగం మార్చేశారు. లిల్లేహామర్ ఒలింపిక్స్‌లో కంచు. స్వర్ణం గ్రిష్చుక్, ప్లాటొవ్‌లకు, వెండి ఉసొవా, ఝూలిన్‌లకు. బ్రిటిష్ పత్రికలు అన్యాయమని గగ్గోలు పెట్టాయి. నేను ఆ మాట అనను. వేగం, అడుగుల ఒత్తిడి ఆ పదేళ్లలో బాగా పెరిగాయి, గ్రిష్చుక్, ప్లాటొవ్‌లు రాక్ అండ్ రోల్‌కు చేసిన పాదాల పని అసాధారణం. కానీ ఆ ఏడాది టార్విల్, డీన్‌ల రంబా (ఒక లాటిన్ నృత్యం) మాత్రం తప్పక చూడండి. దాదాపు కదలనట్టే కనిపిస్తూ రింక్ అంతా దాటుతారు.

వర్చ్యూ, మోయిర్‌ల సంగతి. కెనడాలోని లండన్ నగర ప్రాంతం వాళ్లు, 1997లో పిల్లలుగా జంట కట్టారు. 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో స్వరకర్త మాలర్ సంగీతానికి స్వర్ణం, ఉత్తర అమెరికాకు ఈ పోటీలో తొలి స్వర్ణం. 2014లో రెండు వెండి పతకాలు. రెండేళ్లు దూరమై, మాంట్రియల్ మారి, 2018లో 206.07 పాయింట్లతో ఫ్రాన్స్ జంట పపదాకిస్, సిజెరాన్‌లను 0.79 తేడాతో దాటారు, జట్టు స్వర్ణం అదనం. మధ్యలో వర్చ్యూ కాళ్లకు రెండు సార్లు శస్త్రచికిత్స జరిగింది. స్కేటర్లుగా ఎవరు గొప్ప అంటే, కొలవగలిగిన ప్రతి అంశంలో నేను వీళ్లకే ఓటేస్తాను. ఇప్పటి ట్విజిల్స్ (ఒంటి కాలి మీద సాగుతూ గిర్రున తిరగడం), తిరుగుతూ ఎత్తే లిఫ్టులు 1984లో ఊహకే అందవు. కానీ వాళ్ల మాలర్‌లో మొదటి క్షణం నుంచి చివరి క్షణం దాకా ఒకే ఊపిరి ఉందంటే, ఆ దారి వేసినవాళ్లు ఎవరో నాకు తెలుసు. అదే 2010లో అమెరికా జంట డేవిస్, వైట్‌లు మన హిందీ సినిమా పాటలకు భారతీయ నృత్యం చేసి మనవాళ్ల చేత ఈలలు వేయించారు, గుర్తుంటే. ఒక సంస్కృతిని నేర్చుకుని పాత్రలోకి దిగాలన్న పట్టుదల కూడా క్రాఫర్డ్ దగ్గరికి వెళ్లిన ఆ 1983 నాటి అలవాటుకు కొనసాగింపే.

ఇంగ్లండ్‌లో మామూలు జనానికి మాత్రం వాళ్లు టీవీ మనుషులు. 2006లో మొదలైన ‘డాన్సింగ్ ఆన్ ఐస్’తో కొత్త తరానికి ఇంటింటా తెలిసిన పేర్లయ్యారు. నాటింగ్‌హామ్‌లో 2000లో కొత్త రింక్ కట్టాక దాని ముందు కూడలికి బొలేరో స్క్వేర్ అని పేరు పెట్టారు. సరయేవోలోని జెట్రా స్టేడియం 1990ల బోస్నియా యుద్ధంలో ఫిరంగి దెబ్బలకు ధ్వంసమైంది, చుట్టూ మైదానం శ్మశానమైంది, 1999లో తిరిగి కట్టారు. 2014లో అక్కడికే వెళ్లి ముప్పై ఏళ్ల సందర్భంగా బొలేరో మళ్లీ చేశారు. 2024 ఫిబ్రవరిలో, మళ్లీ ఆ ఊళ్లోనే, చివరి పర్యటనను ప్రకటించి 2025లో వీడ్కోలు పలికారు.

ఇప్పుడు మీరు చేయాల్సింది ఒకటే. 1984 పాసో డోబ్లే ముందు చూడండి, ఆ తర్వాత 1982 మ్యాక్ అండ్ మేబెల్, అప్పుడు బొలేరో. చూసేటప్పుడు చేతుల మీద కాకుండా మోకాళ్ల మీద కన్నుంచండి. ఇద్దరి మోకాళ్లూ ఒకే లోతుకు, ఒకే క్షణంలో వంగుతున్నాయా అన్నది గమనిస్తే చాలు. ఆ తర్వాత వర్చ్యూ, మోయిర్‌ల మాలర్ చూడండి. ఇంకా సందేహం ఉంటే, ఏ నిమిషం దగ్గర అనిపించిందో రాయండి, అక్కడి అడుగులు విడదీసి చెప్తాను.